చేతికి పట్టీ లేని పిల్ల

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈరోజు నా మెడలోని విజిల్ తీసి ఉదయ్ భాస్కర్ మెడలో వేశారు. తీసింది మా యజమాని ఓబులేసన్న. తల వంచి వేయించుకున్నది ఉదయ్ భాస్కర్. ఈ అన్యాయానికి ఇద్దరూ బాధ్యులే. రేపు ఎవరూ కాదనకుండా తేదీ వేసి రాసి పెడుతున్నాను.

రెండేళ్లుగా ఆ విజిల్ నాది. పుట్టినరోజు పార్టీలకు ఓబులేసన్న కిరాయికిచ్చే ఏనుగు ఆకారపు గాలి బొమ్మను ఆయన బెలూన్ అంటాడు, విల్లాల వాళ్లు బౌన్సీ అంటారు, నేను గాలి ఇల్లు అంటాను. మోటారు ఊదుతున్నంతసేపే అది ఇల్లు. మోటారు ఆగితే రెండు నిమిషాల్లో నేల మీద పరిచిన టార్పాలిన్. లోపల పిల్లలు ఎగురుతుంటారు. నల్లగండ్ల నుంచి తెల్లాపూర్ దాకా ఎన్ని పెరళ్లలో ఆ గుమ్మం ముందు నిలబడ్డానో. నా చేతిలో ఒక్క పిల్లకి పెదవి చిట్లలేదు, ఒక్క పిల్లవాడికి పన్ను కదల్లేదు.

చెప్పులు, కళ్లజోళ్లు, జడపిన్నులు బయటే. చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ కలవకూడదు. నోట్లో చాక్లెట్ ఉంటే లోపలికి వద్దు. పల్టీలు వద్దు. ఈదురుగాలి లేస్తే అందరినీ దింపాలి. ఆఖరి పిల్ల బయటికి వచ్చేదాకా మోటారు ఆగకూడదు, మోటారు దగ్గరి మనిషి కదలకూడదు. ఇవి నాకెవరూ నేర్పలేదు. నేనే చూసి, ఆలోచించి, ఒక పాత కరపత్రం వెనక రాసి గోడౌన్ గోడకు అంటించాను.

ఉదయ్ భాస్కర్ కాకినాడ నుంచి వచ్చి మూడు వారాలు.

"ఏమప్పా దినేశూ, మొగం అట్ల పెట్టుకోవద్దు" అన్నాడు ఓబులేసన్న. "నువ్వు విజిల్ ఊదితే పిల్లోళ్లు జడుసుకుంటాండారు. ఆయప్ప ఊదకుండానే వింటాండారు. నువ్వు మోటారు చూసుకో."

"భద్రత అంటే పిల్లలకు నచ్చుడు కాదన్నా."

"నచ్చితేనే గదప్పా మళ్లా పిలిచేది."

ఇదీ యజమాని నీతి.

ఫిబ్రవరి 3

విజిల్ ఒక ప్లాస్టిక్ ముక్క. నాకు దాని మీద ఆశ లేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

గోడౌన్ ముందు గాలి ఇంటిని పరిచి సబ్బునీళ్లతో కడిగాం. సంయుక్త తన రంగుల పెట్టె కోసం వచ్చింది. పార్టీల్లో పిల్లల బుగ్గల మీద పులులు, సీతాకోకచిలుకలు వేసేది ఆమే. మా లింగంపల్లి పిల్ల, డిగ్రీ చివరి సంవత్సరం. రెండేళ్లుగా తెలుసు. రెండేళ్లుగా తెలుసు అంటే తెలుసు అంతే.

"ఏంది లీడర్ సాబ్, ఇయ్యాల స్పీచ్ లేదా?"

"నీకు నవ్వులాట ఉన్నది. శ్రమ చేసేటోని చేతిలకెల్లి పనిముట్టు గుంజుకునుడు అంటే..."

"జర పక్కకు జరుగు. బకెట్ల కాలు పెట్టినవ్."

నిజంగానే పెట్టాను. ఆమె నవ్వింది. ఉదయ్ భాస్కర్ నవ్వలేదు. నాకు ఎక్కువ మండింది అందుకే. వచ్చి బకెట్ పక్కకు జరిపి, "కొత్త చెప్పులాండి దినేశ్ గారూ? తడిసిపోయాయే" అన్నాడు. నాకంటే ఒక సంవత్సరం పెద్దవాడు, నన్ను గారు అంటాడు. గారు అన్నవాణ్ణి తిట్టడానికి వీలుండదు. అది వాడి ఎత్తుగడ.

తర్వాత వాడి కొత్త పద్ధతి చూపించాడు. గుడ్డ పట్టీలు. లోపలికి పోయే ప్రతి పిల్ల చేతికీ ఒక పట్టీ కడతాడట. బయటికి వచ్చేటప్పుడు విప్పి బుట్టలో వేస్తాడట. కట్టినవన్నీ బుట్టలో పడ్డాయంటే ఇల్లు ఖాళీ.

"మస్తున్నది" అంది సంయుక్త.

"తలకాయలు లెక్కపెట్టాలె, గుడ్డముక్కలు కాదు" అన్నాను.

"తలకాయలూ లెక్కపెడదామండి. రెండూ ఉంటే మంచిదే కదా."

వాదనకు రాడు. వాదనకు రాని మనిషిని నమ్మకూడదు. సంయుక్త సాయంత్రం దాకా వాడి పక్కన పీట వేసుకుని ఒక్కో పట్టీ మీద ఒక్కో కుందేలు వేసింది. నేను రాసిన నియమాల కాగితాన్ని ఆమె రెండేళ్లుగా పరీక్ష పేపర్ అని పిలుస్తోంది. దాని అంచున ఒక చిన్న పువ్వు కూడా ఎప్పుడూ వేయలేదు. వేయమని నేనూ అడగలేదు.

ఫిబ్రవరి 8, శనివారం

నల్లగండ్లలో పార్టీ. పట్టీలు పనిచేశాయి. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను.

పిల్లల్ని బయటికి రప్పించడమే ఈ పనిలో కష్టం. నేను మూడుసార్లు ఊదేవాణ్ణి, నాలుగోసారి లోపలికి వెళ్లి చెయ్యి పట్టుకుని తెచ్చేవాణ్ణి. వాడు గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుని, "లోకల్ రైలు లింగంపల్లి స్టేషన్‌కి వచ్చేసిందండీ, ఆఖరి స్టేషన్, అందరూ దిగాలి" అని ఒక రాగం తీశాడు. పన్నెండు మంది పిల్లలు ఒకళ్ల భుజాలు ఒకళ్లు పట్టుకుని రైలులా దిగారు. తల్లులు వీడియోలు తీశారు. పన్నెండు పట్టీలు బుట్టలో పడ్డాయి.

సంయుక్త వాడి బుగ్గల మీద పిల్లి మీసాలు గీసింది. వాడు అడగలేదు. ఆమే గీసింది. నేను మోటారు దగ్గర ఉన్నాను. మోటారు పక్కన నిలబడితే లోకంలో ఎవరేం మాట్లాడుకున్నా వినపడదు. పెదవులు చూశాను. 'రేపు' అనే మాట ఒకటి తెలిసింది. రేపు తెల్లాపూర్ పార్టీ ఉంది. ఆ రేపే అయ్యుంటుంది.

అసూయ ఆస్తి ఉన్నవాళ్ల రోగమని ఏదో కరపత్రంలో చదివాను. నాకు ఆస్తి లేదు.

కానీ ఒక్కసారి ఆ పట్టీల లెక్క తప్పాలి. ఎవరికీ ఏమీ కాకుండా, అందరి ముందూ తప్పాలి. అప్పుడు తెలుస్తుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

పిల్ల బతికే ఉంది. చెయ్యి విరిగింది. ఇంకేమీ రాయను.

ఫిబ్రవరి 10, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తెల్లాపూర్‌లో విల్లా. విశ్వేశ్వరరావు గారని రిటైరైన ప్రభుత్వ ఇంజనీరు, ఆయన మనవడికి ఆరో పుట్టినరోజు. పెరట్లో గడ్డి మీద గాలి ఇల్లు కట్టాం. ఆరు మేకులూ నేనే దిగ్గొట్టాను, ఆరూ గట్టివే. మోటారు గాలి ఇంటి వెనక, ప్రహరీ పక్కన. నా చోటు అక్కడ.

ఆ విల్లాలో అంట్లు తోమే చంద్రమ్మ తన మనవరాలిని వెంట తెచ్చుకుంది. పేరు బుజ్జి, ఐదేళ్లు. చంద్రమ్మ వంటింట్లో ఉంటే పిల్ల నాలుగింటి నుంచీ నా పక్కనే నిలబడింది.

"అన్నా, ఏనుగు కడుపుల ఏమున్నది?"

"గాలి."

"గాలే తింటదా?"

"గాలే తింటది."

"మరి దానికి ఆకలైతలేదా?"

పట్టీలు పిలిచిన పిల్లలకే. బుజ్జికి పట్టీ లేదు. ఈ సమాజంలో ఎవరు లెక్కలోకి వస్తారో, ఎవరు రారో ఐదేళ్ల పిల్ల మణికట్టు మీదే కనిపిస్తుంది.

ఐదున్నరకు కేకు అన్నారు. ఉదయ్ రైలు పాట పాడాడు, పిల్లలు దిగారు. కట్టిన పట్టీలు తొమ్మిది, బుట్టలో పడినవి తొమ్మిది. వాడు గుమ్మంలోంచి తొంగి చూసి, "ఖాళీ అండీ" అని నా వైపు చెయ్యి ఊపి, పిల్లల్ని కేకు దగ్గరికి తీసుకెళ్లాడు. బుజ్జి లోపలే ఉంది. వెనక వైపు గోడలా ఉండే వలకు పెద్దవాళ్లు వెళ్లడానికి ఒక చిన్న తలుపు ఉంటుంది. అందులోంచి ఎట్లాగో దూరి ఉంటుంది.

మోటారు రొదకు వీడియోలో పుట్టినరోజు పాట సరిగ్గా రాదని విశ్వేశ్వరరావు గారు దాన్ని కాసేపు ఆపించడానికి వెనక్కి వచ్చారు. అప్పుడు మోటారు దగ్గర నేను లేను. ఒక్క నిమిషం కేకు బల్ల వైపు వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పుడు ముఖ్యం కాదు. ఇల్లు ఖాళీ అన్నారు కదా అని ఆయనే స్విచ్ నొక్కారు.

పాట రెండోసారి ఎత్తుకున్నారు. జనం తలల మీదుగా ఏనుగు తొండం వంగడం చూశాను. పరుగెత్తాను. గుమ్మం అప్పటికే మూసుకుపోయింది. బరువైన గుడ్డ కింద పాక్కుంటూ కుడి మూలకు వెళ్లాను. ముందు ఒక చిన్న పాదం దొరికింది, తర్వాత చెయ్యి. పట్టుకుని లాగాను. బయటికి తెచ్చేసరికి పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. సంయుక్త వీపు మీద రెండుసార్లు తట్టింది. అప్పుడు ఏడ్చింది. నా జన్మలో ఏ ఏడుపూ అంత మంచిగా వినపడలేదు.

మణికట్టు విరిగిందన్నారు దవాఖానలో. లోపల తడబడి పడినప్పుడు విరిగిందో, నేను లాగినప్పుడు విరిగిందో ఎవరూ చెప్పలేరు. పడినప్పుడే అయ్యుంటుంది.

"నువ్వు లేకుంటే నా బిడ్డ దక్కకపోవు నాయినా" అని చంద్రమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె చేతులకు ఇంకా అంట్ల సబ్బు ఉంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఓబులేసన్న ఉదయ్ భాస్కర్‌ను పనిలోంచి తీసేశాడు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా పార్టీ పనులు చేసేవాళ్లందరం ఉండే వాట్సాప్ గ్రూపులో వాడి ఫొటో పెట్టాడు. లోపల పిల్ల ఉండగా ఖాళీ అన్న మనిషి ఇతనే, పిల్లల పనికి పిలవొద్దు, అని కింద రాశాడు. కాసేపట్లో అందరూ సరే అన్నారు.

చంద్రమ్మ చెప్పకుండా పిల్లను తెచ్చిందని ఆ ఇంట్లో పని మాన్పించారు. అంతటితో ఆగలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ల ఫోన్లో పనివాళ్ల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశారు. ఆ గేటు లోపలే ఆమెకు ఇంకా నాలుగిళ్లు ఉన్నాయి. ఇప్పుడు వాటికీ పోలేదు.

విజిల్ నాకు తిరిగి వచ్చింది. వేసుకున్నాను.

మా బాపుకు బాలానగర్ వర్క్‌షాప్‌లో ముప్పై ఏళ్ల లేత్ పని. పిల్లను బయటికి తీసిన సంగతి అమ్మ గొప్పగా చెబుతుంటే విని ఒక్కటే అడిగాడు.

"మిషన్ కాడ ఎవడున్నడు?"

"నేనే బాపు."

"మరి ఎట్ల బందైంది?"

నేను అన్నం ముందు నుంచి లేచాను. ఎవరి మీద కోపం వచ్చిందో తెలియదు. బాపు మీదే అనుకుంటాను.

ఫిబ్రవరి 12, బుధవారం

సంయుక్త గోడౌన్‌కు వచ్చింది. పెట్టె కోసం కాదు. నా కోసమే వచ్చింది. రెండేళ్లలో మొదటిసారి నా కోసం వచ్చింది.

"ఒక్క మాట అడుగుతా. ఇల్లు మొత్తం పడిపోయి దుప్పటి లెక్క ఉండె. నువ్వు సీదా కుడి మూలకే ఉరికినవ్. పిల్ల ఆడున్నదని నీకెట్ల తెలుసు?"

"ఏడుపు వినబడ్డది."

"అప్పుడు అందరు పాట పాడుతున్నరు. నాకేం వినబడలే."

"నీ చెవులు యాడుండెనో."

"నా సంగతి ఇడిసిపెట్టు. పాపం ఉదయ్ మూడు రోజులాయె రూంలకెల్లి బయటికి రాలే. దినేశ్, నీకెట్ల తెలుసు?"

పేరు పెట్టి పిలిచింది. లీడర్ సాబ్ అనలేదు. 'పాపం ఉదయ్' అనకుండా ఉంటే చెప్పేవాణ్ణేమో. అంది కాబట్టి చెప్పలేదు.

ఇక్కడ చెబుతాను. వెనక తలుపు తీసి బుజ్జిని లోపలికి పంపింది నేనే.

ఎందుకంటే పట్టీ ఉన్న పిల్ల, పట్టీ లేని పిల్ల అనే తేడా అన్యాయం. అన్యాయాన్ని చూస్తూ ఊరుకోకూడదు. నేను ఊరుకోలేదు. అందులో తప్పేముంది. పంపడం తప్పు కాదు. పంపడం తప్పు కాదు.

ఫిబ్రవరి 13, గురువారం

చంద్రమ్మ ఉండేది గోపన్‌పల్లిలో, రేకుల ఇల్లు. అరటిపళ్లు తీసుకుని వెళ్లాను. తలుపు బార్లా తీసి ఉంది, కిటికీ కూడా.

"తలుపు ఏస్తే ఏడ్సి ఒర్లుతున్నది బిడ్డ" అంది చంద్రమ్మ. "తానం చెయ్యనీకి అర్రల పెడ్తే సుత తలుపు తెరిసే ఉంచాలె. కూసో నాయినా. ఛాయ్ పెడ్త."

బుజ్జి గడప మీద కూర్చుని ఉంది. తెల్ల కట్టు వేసిన చెయ్యి మెడకు వేలాడుతోంది. నన్ను చూసి లేచి దగ్గరికి వచ్చింది. చెవిలో చెబుతున్నట్టే, కానీ పిల్లల గొంతు కదా, ఇల్లంతా వినపడేట్టు అంది.

"నేను సప్పుడు జెయ్యలే అన్నా. నువ్వు చెయ్యొద్దన్నవ్ గద. చీకటైంది, అయినా జెయ్యలే."

చంద్రమ్మ స్టవ్ వెలిగించబోతూ ఆగింది.

"ఏమంటున్నది? నువ్వు చెప్తెనే కూసున్నదా ఆడ?"

నేను ఛాయ్ తాగకుండా వచ్చేశాను. ఆమె వెనక నుంచి పిలిచింది. ఒకసారి నాయినా అని, రెండోసారి దినేశ్ అని.

ఇప్పుడు మొత్తం రాస్తాను, లేకపోతే ఎప్పటికీ రాయను.

బుజ్జికి పట్టీ ఇవ్వమని నేను ఉదయ్‌ని అడగలేదు. అడిగితే ఇచ్చేవాడు. నవ్వుతూ ఇచ్చేవాడు, ఆమె పట్టీ మీద కూడా ఒక కుందేలు ఉండేది. అందుకే అడగలేదు. కేకు టైం అవుతోందని తెలిసి, పిల్లలు దిగబోతుండగా వెనక తలుపు తీశాను. "ఆ మూలకు ఏనుగు కాలు లెక్క లావు కంబమున్నది సూడు, దాని ఎనక కూసో. వాళ్లంత పోయినంక నువ్వొక్కదానివే ఎగురొచ్చు. నేను పిలిచేదాక సప్పుడు చెయ్యకు" అన్నాను. ఆమె సంతోషం పట్టలేక నోటి మీద వేలు పెట్టుకుని చూపించింది.

నేను అనుకున్నది ఇది. వాడు ఖాళీ అంటాడు. నేను నడిచి వెళ్లి, అందరి ముందూ, ముఖ్యంగా సంయుక్త ముందు, "నీ బుట్టలో పట్టీలు సరిపోయినయి, మరి పట్టీ లేని పిల్ల సంగతి?" అని అడుగుతాను. వెనక్కి వచ్చి బుజ్జిని చెయ్యి పట్టుకుని బయటికి తెస్తాను. వాక్యం కూడా తయారు చేసుకున్నాను. రెండుసార్లు మనసులో అనుకుని చూసుకున్నాను.

కేకు బల్ల దగ్గరికి వెళ్లేసరికి సంయుక్త వాడి నుదుటి మీద అంటిన రంగు తన చున్నీ అంచుతో తుడుస్తోంది. నా వాక్యం మర్చిపోయాను. అక్కడే నిలబడి చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు. పాట ఒకసారి పూర్తయ్యేంతసేపు.

ఒక్క నిమిషం అని సోమవారం రాశాను. కాదు.

ఫిబ్రవరి 14

కరపత్రం ఒకటి రాశాను. 'ఈ ఘోరానికి వ్యవస్థే దోషి' అని మొదలైంది. చదివితే బాగానే ఉంది. చింపేశాను.

సంయుక్త ఉదయ్‌ని చూడటానికి హాస్టల్‌కు వెళ్లిందట.

ఫిబ్రవరి 15, శనివారం

కొండాపూర్‌లో పార్టీ. విజిల్ వేసుకుని నిలబడ్డాను. పిల్లలు బయటికి వచ్చినా నాకు నమ్మకం కలగలేదు. లోపలికి వెళ్లి నాలుగు మూలలూ చేతులతో తడిమాను. మళ్లీ వెళ్లి తడిమాను. పుట్టినరోజు పిల్లవాడి తల్లి, "ఏమైనా పోయిందా అండీ?" అని అడిగింది.

పార్టీ అయ్యాక నేరుగా మసీదుబండలో ఉదయ్ ఉండే హాస్టల్‌కు వెళ్లాను. మంచం మీద బ్యాగు సర్దుకుంటున్నాడు. ఊరికి పోతున్నాడు. గ్రూపులో ఫొటో చూశాక ఫుడ్ డెలివరీకి కూడా స్నేహితుడు బండి ఇవ్వనన్నాడట.

"కూర్చోండి దినేశ్ గారూ. పాప ఎలా ఉందండి?"

"మంచిగనే ఉన్నది."

"నేను లోపలికి వెళ్లి చూడాల్సిందండి. గుమ్మంలోంచి తొంగి చూసి వదిలేశాను. పట్టీలు సరిపోయాయి కదా అని. మీరు మొదటి రోజే చెప్పారు, తలకాయలు లెక్కపెట్టాలని. చంద్రమ్మ గారి దగ్గరికి వెళ్లి క్షమించమని అడుగుదామనుకున్నాను, ధైర్యం చాల్లేదండి."

సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆ క్షణంలో కూడా నాకు వాడి మీద అసూయే వచ్చింది. తప్పు ఒప్పుకోవడంలోనూ వీడే ముందున్నాడు. చేయని తప్పులో కూడా తన వాటా తను తీసుకుంటున్నాడు. అదే మంచం అంచున సంయుక్త తెచ్చిన టిఫిన్ డబ్బా ఉంది. దాని మూత మీద చిన్న కుందేలు.

అప్పుడు చెప్పాను. తలుపు తీసింది, కంబం వెనక కూర్చోబెట్టింది, సప్పుడు చెయ్యొద్దన్నది, మోటారు వదిలి వెళ్లింది. ఎందుకు వెళ్లానో కూడా చెప్పాను. అదొక్కటే చెప్పడం కష్టమైంది.

వాడు సర్దుతున్న బ్యాగును పక్కకు నెట్టాడు.

"పాపని దాచిపెట్టావా?"

"బయటికి తీస్తననుకున్న."

"నామీద కోపం ఉంటే నన్ను కొట్టొచ్చుగా. గుమ్మం దగ్గర నిలబెట్టి రెండు తగిలించొచ్చుగా. చంటిపిల్ల దినేశ్."

గారు పోయింది. పోవాలని ఎన్నిసార్లు కోరుకున్నానో.

"గ్రూపుల చెప్త. ఓబులేసన్నకు చెప్త."

"చెప్పు. నాకు చెప్పడం వల్ల నాకేం ఒరగదు. ఇప్పుడు వెళ్లు."

క్షమించలేదు. క్షమిస్తే ఇంకా చిన్నవాణ్ణయ్యేవాణ్ణి. ఇప్పుడున్నంతే ఉన్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

పొద్దున్నే గోడౌన్‌కు వెళ్లి ఓబులేసన్నకు చెప్పాను. ఆయన తాళంచెవులు కింద పెట్టి నా ముఖం చూశాడు.

"ఎవరికన్నా చెప్పినావా?"

"ఉదయ్‌కు."

"ఇంగ చాల్లే. సద్దుమణిగినాది. మళ్లా గెలికితే నీకూ పనుండదు, నాకూ ఉండదు. ఆయప్ప ఎట్లా ఊరికి పోతాండాడు గదా."

"చంద్రమ్మ ఏడికి పోవాలె అన్నా?"

ఆయన తాళంచెవులు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. నేను గ్రూపులో రాశాను. నాలుగు నిమిషాల్లో నా మాటలు తీసేసి, నన్నూ గ్రూపులోంచి తీసేశాడు. విజిల్ తీసి ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. పెట్టేటప్పుడు గర్వంగా అనిపించలేదు. కరపత్రాల్లో ఇట్లాంటి చోట గర్వంగా ఉంటుంది.

విశ్వేశ్వరరావు గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను, రేపు గేటు ముందు అందరికీ చెబుతానన్నాను. అంతా విన్నారు. "స్విచ్ నొక్కింది నేనయ్యా. వారం రోజులుగా ఆ సంగతి నన్నొక్కరూ అడగలేదు. నువ్వు గేటు దగ్గరికి రా, నేనూ నడిచి వస్తాను" అన్నారు.

చంద్రమ్మ దగ్గరికి వెళ్లాను. గడప లోపలికి రానివ్వలేదు. గడప బయటే నిలబడి చెప్పాను. బుజ్జి ఆమె కొంగు వెనక నుంచి చూస్తోంది. చంద్రమ్మ తిట్టలేదు.

"ఇదంత నా ముంగట చెప్తున్నవ్. గా గేటు ముంగట చెప్తవా?" అంది.

"చెప్త."

"అయితే నేనొస్త. నీ కోసం కాదు."

సంయుక్తకు ఒక్క మెసేజ్ పెట్టాను, సమయం, చోటు. వస్తే ఉదయ్‌తోనే వస్తుంది. వాళ్లిద్దరూ పక్కపక్కన నిలబడితే చూడాలి. చూస్తాను. నాకు తగ్గలేదు, తగ్గిందని రాస్తే అబద్ధం.

లింగంపల్లి స్టేషన్ పక్కన జిరాక్స్ షాపులో ఈ కింది కరపత్రం రెండు వందల కాపీలు తీయించాను. మా పనివాళ్లు ఎక్కే ప్రతి ఆటోలో, ప్రతి విల్లా గేటు దగ్గర పంచుతున్నాను. ఒకటి ఇక్కడ అంటిస్తున్నాను.

పార్టీ పనివాళ్లకు, వంటింటి పనివాళ్లకు, గేటు కాసేవాళ్లకు

ఫిబ్రవరి 9న తెల్లాపూర్ విల్లా పెరట్లో బుజ్జి అనే ఐదేళ్ల పిల్ల చెయ్యి విరిగింది, ఊపిరి ఆగబోయింది. దానికి కారణం దినేశ్ అనే నేను. ఉదయ్ భాస్కర్ కాదు. చంద్రమ్మ కాదు. సాటి పనివాడి మీద అసూయతో పిల్లను గాలి ఇంట్లో దాచాను. మోటారు వదిలి వెళ్లాను. నిజం తెలిసీ ఆరు రోజులు నోరు మూసుకున్నాను.

ఉదయ్ భాస్కర్ ఫొటో కింద పెట్టిన మాటలు తీసేయాలి. చంద్రమ్మ పేరు గేటు జాబితాలో మళ్లీ రాయాలి. ఇకముందు ఏ పెరట్లో అయినా, పిలిచిన పిల్లయినా పిలవని పిల్లయినా, అక్కడున్న ప్రతి పిల్ల చేతికీ పట్టీ ఉండాలి. ఖాళీ అనే ముందు ఒక పెద్ద మనిషి లోపలికి దూరి నాలుగు మూలలూ తడిమి రావాలి. అప్పటిదాకా స్విచ్ మీద ఇంకెవరి చెయ్యీ పడకూడదు.

ఈ మాటలు నా నోటితో నేనే చెబుతాను. చంద్రమ్మ అక్కడ ఉంటుంది. ఆమె అడిగినదానికి అందరి ముందూ జవాబు చెబుతాను. మీరు అడిగినదానికీ చెబుతాను.

రేపు సోమవారం, ఫిబ్రవరి 17, పొద్దున పదకొండు గంటలకు, తెల్లాపూర్ విల్లాల పెద్ద గేటు ముందు. పిల్లల్ని ఇంట్లో ఒంటరిగా వదలకండి, వెంట తీసుకురండి. నేను పది గంటలకే వచ్చి నిలబడతాను. పదకొండుకు మీరు రండి.